పదిహేడో క్రోమోజోమూ కింగ్ గారి కాళ్ళూ

అరికాళ్ళ చర్మాన్ని చెక్కలా మందం చేసే జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఎక్కడ కూర్చుందో మా డాక్టర్ రెన్నీ లండన్ సభలో తెర మీద చుక్క పెట్టి చూపిస్తే, పెద్దపెద్దవాళ్ళందరూ చప్పట్లు కొట్టారట. కొట్టనీ. ఆ చుక్క పెట్టడం అంత ఆలస్యం ఎందుకైందో మాత్రం ఆయన సభలో చెప్పలేదు. నేను చెబుతాను. అందులో మా అమ్మ పరువు ఇరుక్కుంది కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

స్కార్‌నెస్‌ అనే రేవు ఊళ్ళో నేను నర్సుని. పేరు క్రిస్సీ మెయిర్. మా ఊళ్ళో సగం మంది ఇంటిపేరు మెయిర్, మిగతా సగం మందిది ఫ్లెట్. మొదటి మగబిడ్డకి తాత పేరే పెట్టి తీరాలి. అంచేత వీధిలో నిలబడి ‘అలెగ్జాండర్ ఫ్లెట్’ అని కేకేస్తే నాలుగైదు తలుపులు తెరుచుకుంటాయి. ఈ గొడవ పడలేకే ప్రతివాడికీ ఒక మారుపేరు తగిలిస్తాం. కరెంటు బిల్లు మీద కూడా అదే ఉంటుంది. పైఊరివాళ్ళు వస్తే మాత్రం ఆ పేర్లు నోట రానివ్వం. వాళ్ళ ముందు అందరం బాప్తిస్మపు పేర్లతో బుద్ధిగా కూర్చుంటాం.

ఆ అలెగ్జాండర్లలో ఒకడు కింగ్. చేపల పడవకి యజమాని, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే లైఫ్‌బోటుకి నాయకుడు, చర్చిలో సంఘ పెద్ద. తలుపులోంచి రావాలంటే వంగాలి. ఒకసారి తాడు చుట్టే యంత్రంలో పడి వేలు విరిగితే తనే లాగి సరిచేసుకుని, చేపలన్నీ దింపించాక తీరిగ్గా నా దగ్గరికి వచ్చాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండోవాడు బాబిన్. కింగ్‌కి చిన్నాన్న కొడుకు, అతని పడవలోనే పని. మనిషి ఎంత పొట్టో నోరు అంత పెద్దది. ఎవరు ఏ పని చెప్పినా కాదనడు.

వీళ్ళిద్దరూ యుద్ధకాలంలో ఒకే రోజు, ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో పుట్టారు. తోడికోడళ్ళు ఇద్దరికీ ఒకేసారి నొప్పులు మొదలయ్యాయి. నాలుగింటికే చీకటి పడే జనవరి. ఆకాశంలో జర్మన్ విమానాలని, ఊళ్ళో దీపం వెలిగించకూడదు. ఒక్క లాంతరుకి గుడ్డ కప్పుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి పరిగెత్తి ఇద్దరికీ పురుడు పోసింది మా అమ్మ అగ్నెస్. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. ఆవిడ పోయాక చర్చి హాల్లో టీ కాచే డ్రమ్ము పైన ఆవిడ ఫొటో పెట్టారు. ఎప్పుడు హాల్లోకి వెళ్ళినా ముందు అమ్మని చూసి, ఆ తర్వాతే టీ పట్టుకునేదాన్ని.

ఇక కాళ్ళ సంగతి. కింగ్ తండ్రి వంశంలో అరచేతులూ అరికాళ్ళూ పసుపుపచ్చగా, మందంగా ఉంటాయి. తాతకుంది, తండ్రికుంది, కింగ్‌కుంది, కింగ్ ఇద్దరు చెల్లెళ్ళకుంది. బాబిన్ తండ్రికి రాలేదు కాబట్టి బాబిన్‌కీ లేదు. దాన్ని వాళ్ళు రోగమనుకోరు. శనివారం సాయంత్రం కాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి పాత మంగలికత్తితో చెక్కుకుంటారు. ఆదివారం చెక్కరు. అది పని కిందికి వస్తుంది, ఆదివారం పని చెయ్యడం తప్పు.

ఎలా తెలిసిందో గానీ, ఆబర్డీన్ నుంచి డాక్టర్ రెన్నీ ఒక వసంతకాలంలో దిగాడు. ఎర్రజుట్టు కుర్రాడు. మంచివాడే. కాకపోతే మనిషి మొహం చూడడు. ఎదురుపడితే ముందు నీ కాళ్ళు చూస్తాడు, తర్వాత మోచేతి మడతలో నరం చూస్తాడు, ఆ తర్వాత నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు. ఊరివాళ్ళని హాల్లో కూర్చోబెట్టి ఈ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో కనిపెట్టాలని అరగంట చెప్పాడు. జన్యువు కంటికి కనబడదట. కానీ దాని పక్కన ఉండే గుర్తులు కనబడతాయట. మందకాళ్ళవాళ్ళందరి రక్తంలోనూ ఒకే గుర్తు ఉండి, మామూలు కాళ్ళవాళ్ళకి అది లేకపోతే, జన్యువు ఆ దగ్గర్లోనే ఉన్నట్టట.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు కింగ్ తల్లి ఎల్స్‌పెత్ అత్త, ఎనభై దాటిన మనిషి, అల్లిక మీంచి తలెత్తకుండానే అంది, “దానికింత ఉపన్యాసం ఎందుకయ్యా? వల నీళ్ళలో ఉంటుంది, కనబడదు. పైన బెండు తేలుతుంటే చూసి, అక్కడ వలుందని చెప్పమా? అంతేగా?”

“అంతేనమ్మా,” అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆయన కూడా బెండు గురించే చెప్పసాగాడు.

మా ఊరి మగవాళ్ళకి తాళ్ళు లాగీ లాగీ అరచేతులన్నీ మందమే. కాబట్టి అరికాళ్ళే చూడాలన్నాడు. ఆ పని నాకు అప్పజెప్పాడు. వీధులన్నీ తిరిగి మేజోళ్ళు విప్పించి ఎవరి కాళ్ళు ఎలాంటివో రాసిచ్చాను. ఆ వారం ఊళ్ళో వాడిన సబ్బు ఏడాదంతా వాడి ఉండరు. రక్తం తీసే రోజున మాత్రం నేను హాల్లో లేను. పక్క ఊళ్ళో ఒకమ్మాయికి పురుడు. డాక్టరు ఒక్కడే కూర్చుని పేరు, పుట్టిన తేదీ, వీధి అడుగుతూ అందరి రక్తమూ తీసుకుని వెళ్ళిపోయాడు.

వేసవిలో మళ్ళీ వచ్చాడు. మొహం వేలాడేసుకుని నన్ను హాలు వంటగదిలోకి పిలిచాడు.

“సిస్టర్, ఒక చిక్కొచ్చి పడింది. మందకాళ్ళవాళ్ళందరిలోనూ గుర్తు పదిహేడు మీద చక్కగా దొరికింది. ఒక్కరిలో తప్ప.”

“ఎవరు?”

“అలెగ్జాండర్ ఫ్లెట్. హార్బర్ వీధి. జనవరిలో పుట్టాడు.”

“కింగా!” నోరు జారి అనేశాను. “అతని కాళ్ళు నేనే చూశాను. ఊళ్ళో అంత మందం ఇంకెవరికీ లేదు.”

“అదే మరి. ఆ ఒక్కడితో మా లెక్కంతా మునిగిపోతోంది. పైగా అతని రక్తం వాళ్ళమ్మ రక్తంతో కూడా కలవడం లేదు. దీని ప్రకారం చూస్తే అతను ఆవిడ కొడుకు కాదు.” ఆ తర్వాత గొంతు తగ్గించి, “తప్పు మా ల్యాబులోనే జరిగి ఉంటుంది. గొట్టాలు తారుమారయ్యాయేమో. మళ్ళీ రక్తం తీసి చూసేదాకా ఎవరితోనూ అనకండి,” అన్నాడు.

నేనెందుకంటాను! కానీ వంటగదికీ హాలుకీ మధ్య టీ కప్పులు అందించే కిటికీ ఒకటుంది. ఆ కిటికీ అవతల జెమీమా ఉంది. హాలు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. జెమీమా ఏదైనా సగమే వింటుంది. మిగతా సగం తనే వండుకుంటుంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. చీకట్లో పిల్లలు తారుమారయ్యారట. ఎల్స్‌పెత్ బిడ్డని బాబిన్ తల్లి ఆన్నీ పక్కలో, ఆన్నీ బిడ్డని ఎల్స్‌పెత్ పక్కలో పడుకోబెట్టేసిందట అగ్నెస్. “పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలే, ఒక్క లాంతరు!” అని జాలి కూడా పడ్డారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. వారం తిరక్కుండానే మా వయసువాళ్ళు అద్దాల్లో మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. “నా ముక్కు మావాళ్ళెవరికీ లేదు క్రిస్సీ, నన్ను కన్నప్పుడు లాంతరులో నూనె ఉందా?” అని ఒకడు నన్ను వీధిలో ఆపి అడిగాడు. నీ ముక్కు తాగుబోతు ముక్కురా, మీ తాతది, అన్నాను.

ఆ పుకారు లేచిన మరునాడే హాలుకి వెళ్తే టీ డ్రమ్ము పైన గోడ బోసిగా ఉంది. మేకు మాత్రం మిగిలింది.

“మా అమ్మ ఏది?” అన్నాను.

జెమీమా కప్పులు తుడుస్తూ, “దుమ్ము పట్టిందని తీశామమ్మా. దులిపి పెడదామని,” అంది.

మంచు తుఫానులో కూడా ఇంటింటికీ నడిచి వెళ్ళి వీళ్ళని భూమ్మీదకి తెచ్చిన మనిషిని ఒక్క పూటలో గోడ మీంచి దించేశారు. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత మొహం కడుక్కుని ఎల్స్‌పెత్ అత్త దగ్గరికి వెళ్ళాను. ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పాలి. మెల్లగా, నొప్పించకుండా, రక్తం ఏమంటోందో చెప్పాను. ఆవిడ అల్లిక ఆపకుండా విన్నది.

“వాడు నా కొడుకు కాడంటోందా రక్తం?”

“అవునత్తా. అలా కనబడుతోందట.”

“వాడు పుట్టినప్పుడు నేనక్కడే ఉన్నానే పిల్లా. ఆ డాక్టరు లేడు.”

ఊరుకోలేక ఫొటో సంగతి కూడా చెప్పేశాను. అప్పుడు అల్లిక ఆగింది.

“అగ్నెస్‌ని దించారా?”

“దుమ్ము దులపడానికట.”

ఎల్స్‌పెత్ అత్త ఊలు చుట్టి బుట్టలో పెట్టింది. “ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళిద్దరూ సూపు తాగడానికి వస్తారు. నువ్వూ రా,” అంది.

ఈలోగా గురువారం డాక్టర్ రెన్నీ మళ్ళీ వచ్చి, వెళ్తూ నా దగ్గర ఆగాడు. మొహం వెలిగిపోతోంది. “ఈసారి పొరపాటుకి తావే లేదు సిస్టర్! నేనే స్వయంగా రేవుకి వెళ్ళి, పడవ మీదే తీసుకున్నాను. పేరు, తేదీ, వీధి అన్నీ అడిగాను. పడవ ఊగి సూది కాస్త పక్కకి గుచ్చుకుంది గానీ, ఎంత ఓపికో ఆయనకి! ఎన్ని కబుర్లు చెప్పాడో! నా జేబులో బిస్కెట్లు కూడా అడిగి తిన్నాడు,” అన్నాడు.

కింగ్ కబుర్లు చెప్పడమేమిటి? సముద్రం మీద ఉన్నప్పుడు మాట పెగులుతుందేమోలే అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం ఎల్స్‌పెత్ అత్త వంటగదిలో బల్ల చుట్టూ నలుగురం. బార్లీ సూపు పొగలు కక్కుతోంది. కింగ్ పళ్ళెంలోంచి తల ఎత్తడం లేదు. బాబిన్ మాత్రం వాతావరణం గురించి, జర్మనీ చేపల ధరల గురించి, పాస్టరు గారి కొత్త పళ్ళ గురించి వాగుతూనే ఉన్నాడు.

“బాబిన్, నోరు ముయ్యి. అలెగ్జాండర్, బూట్లు విప్పు,” అంది అత్త.

“అమ్మా, భోజనం దగ్గరా?”

“విప్పమన్నాను.”

విప్పాడు. “కాళ్ళు ఆ ముక్కాలిపీట మీద పెట్టు,” అంది. పెట్టాడు. నిన్ననే చెక్కుకున్నట్టున్నాడు. అయినా పాత జున్నుగడ్డల్లా పచ్చగా, మందంగా ఉన్నాయి. అత్త కళ్ళజోడు పెట్టుకుని వాటిని కాసేపు చూసింది.

“మీ నాన్నవే,” అంది. “ఆన్నీ మొగుడికి లేవు, ఆన్నీకి లేవు. వాళ్ళ బిడ్డవైతే నీకెక్కణ్ణుంచి వచ్చాయిరా? నువ్వు పుట్టిన ఆరో వారంలో అగ్నెస్ నిన్ను తూచడానికి వచ్చింది. అప్పుడే గట్టిపడుతున్నాయి ఈ పాదాలు. వెన్న రాస్తూ ఏమందో తెలుసా? వీడు ఎక్కడ తప్పిపోయినా దిగుల్లేదు ఎల్స్‌పెత్, కాళ్ళు చూసి ఎవరైనా తెచ్చి నీకే అప్పజెబుతారు, అంది. అలాంటి మనిషి పిల్లల్ని తారుమారు చేసిందంటారా ఈ ఊళ్ళో!”

అత్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“కాళ్ళు నా మొగుడివి. రక్తం మాత్రం నాది కాదట. అంటే ఆ రక్తం ఈ కాళ్ళది కాదు. చొక్కా చెయ్యి మడవరా.”

కింగ్ మెల్లగా మడిచాడు. మోచేతి మడత తెల్లగా, శుభ్రంగా ఉంది. చిన్న చుక్క కూడా లేదు. గురువారం పడవ ఊగి సూది పక్కకి గుచ్చుకుందన్న మాట నాకు చప్పున గుర్తొచ్చింది. తల తిప్పి చూస్తే బాబిన్ తన చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటున్నాడు.

లేచి వెళ్ళి పట్టుకుని పైకి తోశాను. మోచెయ్యంతా వంకాయ రంగు.

“పెద్దమ్మా, నేను అబద్ధం ఆడలేదు!” అన్నాడు బాబిన్. “ఆ డాక్టరు అలెగ్జాండర్ ఫ్లెట్ నువ్వేనా అన్నాడు, అవునన్నాను. జనవరిలో పుట్టావా అన్నాడు, పుట్టానన్నాను. హార్బర్ వీధా అన్నాడు, అవునన్నాను. అన్నీ నిజాలే! పడవ మీద అన్నకి ఒంట్లో బాగోకపోతే చుక్కాని వంతు నేను చెయ్యనూ? ఇదీ అలాంటిదే అనుకున్నా. ఇద్దరికీ తాత ఒక్కడేగా, ఎవరి రక్తమైతేనేంలే అనుకున్నా. నా వంతుకి మళ్ళీ వెళ్ళలేదు, అంతే.”

“ఒంట్లో బాగోకపోవడమేంటి?” అన్నాను. “ఏమైంది ఇతనికి?”

బాబిన్ కింగ్ వైపు చూశాడు. కింగ్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. జవాబు ఎల్స్‌పెత్ అత్తే చెప్పింది.

“బళ్ళో టీకాలు వేసిన రోజు వీణ్ణి బొగ్గుల గదిలోంచి కాళ్ళు పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది. సూది. యాభై ఏళ్ళొచ్చినా ఇంకా అదేనా?”

అంతటి మనిషీ మెడ దాకా ఎర్రబడిపోయాడు. “అది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయమ్మా,” అన్నాడు చిన్నగా. “లైఫ్‌బోటు కుర్రాళ్ళకి తెలిస్తే ఎలా?”

“ఓరి నీ సిగ్గు తగలెయ్య! నీకు తల్లి లేకపోయినా ఫరవాలేదు గానీ సూది మాత్రం వద్దా?”

“ఊళ్ళోవాళ్ళు నాలుగు రోజుల్లో అంతా మరిచిపోతారనుకున్నా.”

“నేను నీ తల్లినన్న సంగతినా?”

ఇక నేనందుకున్నాను. భోజనం బల్ల అని చూడలేదు, ఆదివారమనీ చూడలేదు.

“నువ్వు దాక్కున్నది బొగ్గుల గదిలో కాదు కింగ్, మా అమ్మ వెనకాల. ఆవిడ ఫొటో దించేశారు, తెలుసా నీకు? నిన్ను భూమ్మీదకి తెచ్చిన మనిషిని, నీ సూది భయానికి గోడ మీద కూడా ఉండనివ్వలేదు.”

అతనికి ఆ సంగతి తెలియదు. మొహం చూస్తేనే తెలిసింది. బూట్లు కూడా తొడుక్కోకుండా లేచి నిలబడ్డాడు, జెమీమా ఇంటికి వెళ్ళడానికి.

“కూర్చో,” అంది తల్లి. “ఇంటికెళ్ళి చెప్తే సరిపోదు. ఊరంతా విన్నారు, ఊరంతా చూడాలి. బుధవారం, హాల్లో.”

డాక్టరుకి మళ్ళీ ఒకసారి సూదితో రమ్మని మాత్రం కబురు పెట్టాను. బుధవారం హాల్లో కూర్చోడానికి చోటు లేదు. ఫలానా అని ఎవరూ చెప్పలేదు గానీ లైఫ్‌బోటు కుర్రాళ్ళతో సహా అందరూ వచ్చారు. కింగ్ పెళ్ళికి వేసుకున్న కోటు వేసుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే తల్లి. డాక్టర్ రెన్నీ అతణ్ణి కాళ్ళ దగ్గర్నుంచి పైదాకా చూసి, జీవితంలో మొదటిసారి ఒక మనిషి మొహం దగ్గర ఆగాడు.

“ఈయన... పడవ మీదున్నాయన కాదే!”

“కాదు బాబూ. ఇకమీదట మొహాలు కూడా చూస్తూ ఉండు,” అంది ఎల్స్‌పెత్ అత్త.

కింగ్ లేచి నిలబడ్డాడు. ప్రార్థన చేసేటప్పటిలాగా చేతులు కట్టుకున్నాడు. “నాకు సూదంటే భయం. నా బదులు బాబిన్‌ని పంపాను. రెండుసార్లు. అగ్నెస్ గారు ఎవర్నీ తారుమారు చెయ్యలేదు. తప్పు నాది,” అని కూర్చున్నాడు. అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు. లైఫ్‌బోటు కుర్రాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. తర్వాత నవ్వారనుకోండి, శీతాకాలమంతా.

డాక్టరు సూది తీశాడు. నేను చెయ్యి చాపాను. “ఈసారి ఆ సూది నాకివ్వండి,” అన్నాను.

మెత్తగా గుచ్చాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట నిజం. కానీ అతను చాపిన చెయ్యి చూశాను. తుఫానులో మునిగిపోతున్న పడవల్లోంచి ఎంతమందినో లాగిన చెయ్యి. రెండో చెయ్యి తల్లి చేతిలో ఉంది. ఆవిడ వేళ్ళు తెల్లబడిపోయాయి, అంత గట్టిగా పట్టుకున్నాడు. నాకు కోపం పోయింది. అమ్మ ఎలా చేసేదో అలా, మెత్తగా గుచ్చాను. కింగ్ కళ్ళు మూసుకుని కీర్తన అందుకున్నాడు. రెండో చరణానికి గొట్టం నిండింది.

“అయిపోయింది కింగ్,” అన్నాను.

అయిపోయిందనగానే కళ్ళు తెరిచి గొట్టం వైపు చూశాడు. అది చూడకుండా ఉండాల్సింది. కుర్చీతో సహా పక్కకి ఒరిగి, టీ బల్ల మీదుగా, ఒక వరస కప్పులతో నేల మీద పడ్డాడు. హాలంతా అదిరింది. అరడజను మంది పట్టుకున్నా లేవలేదు. చర్చి హాల్లో బ్రాందీ ఉండదు కాబట్టి చక్కెర ఎక్కువేసిన టీ తెచ్చి పెదాలు తడిపాను. ఎల్స్‌పెత్ అత్త కర్ర పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి కనురెప్పలు కదిలాయి. తాను ఎక్కడున్నాడో, ఎంతమంది చూస్తున్నారో అతనికి ఇంకా తెలియదు.

“అమ్మా,” అన్నాడు.

ఎల్స్‌పెత్ అత్త డాక్టరు వైపు తలెత్తింది. “విన్నావుగా? ఆ గొట్టం తర్వాత చూసుకుందువులే. ముందు ఇది రాసుకో,” అంది.

డాక్టరు నిజంగానే కలం తీశాడు. అప్పుడు నవ్వారు అందరూ. ఆ నవ్వుల మధ్యనే జెమీమా వంటగదిలోకి వెళ్ళింది. పిండి డబ్బాల వెనక ఏదో జరిపిన చప్పుడైంది. మా అమ్మ ఫొటో తెచ్చి, కుర్చీ ఎక్కి, టీ డ్రమ్ము పైన మేకుకి తగిలించి, నా వైపు చూడకుండా, “దులిపేశామమ్మా,” అంది.

తీసినప్పటికన్నా ఎక్కువ దుమ్ముంది. ఆ కుర్చీనే ఎక్కి, నా ఏప్రన్ అంచుతో అమ్మ మొహం తుడిచాను.